తవుడు రాలిన వేళ



మాస్టారి పేరున జరిగే ఈ ఉపన్యాసం నన్ను ఇవ్వమన్నప్పుడు నాకు ముందుగా గుర్తొచ్చింది ఆయన పాఠం చెప్పిన తరగతి గది కాదు, మిర్యాలగూడ దగ్గర ఒక రైస్ మిల్లు. పశువైద్య కళాశాలలో మేము మూడో ఏడు చదువుతున్నాం. పొద్దున్నే బస్సెక్కించి తీసుకెళ్లారు. పాలిషర్ కింద తవుడు రాలేచోట దోసిలి పట్టి, వెచ్చగా ఉండగానే మాకు తలా చిటికెడు పెట్టారు. తియ్యగా, అప్పుడే వేపిన గింజల వాసనతో ఉంది. తర్వాత గోడవారగా పేర్చిన బస్తాల్లో ఒకటి విప్పించి అందులోంచి ఇంకో చిటికెడు పెట్టారు. నాలుకకు చేదు, గొంతులో గరగర. "ఇదీ అదే తవుడు. మూడు రోజుల కిందటిది" అన్నారు. ఆ తర్వాత ఎన్నేళ్లయినా, ఎవరు ఏ మేత దినుసు తెచ్చి ముందు పెట్టినా ఆయన మొదట అడిగేది ఒక్కటే: "ఇది ఎప్పుడు రాలింది?" ప్రోటీన్ ఎంత, ధర ఎంత అన్న మాటలు ఆ తర్వాతే.

ఆహార పరిశ్రమల్లో మిగిలేవాటిని బ్రాయిలర్ కోళ్లకు దాణాగా వాడటం గురించి చాలా మాట్లాడుతున్నాం. ఆ మాటల్లో మాస్టారి ప్రశ్న వినపడటం లేదు. దాన్ని మళ్లీ అడగడానికే ఇవాళ వచ్చాను.

మొదట ఒక మాట గురించి. కాగితాల్లో వీటన్నిటినీ కలిపి 'వ్యర్థాలు' అని రాస్తున్నారు. అది ఆఫీసులో పుట్టిన మాట. మన ఇళ్లలో వాడే మాటలు వేరు: తవుడు, చిట్టు, పొట్టు, నూక, చెక్క, పిప్పి, కుడితి. ప్రతిదానికీ విడిగా పేరు పెట్టుకున్నామంటే ప్రతిదానికీ తినే నోరు ఒకటుందని తెలిసే పెట్టుకున్నాం. బియ్యం కడిగిన నీళ్లు, వార్చిన గంజి కుడితితొట్టిలో పడితే అవి గేదెవి. నువ్వుల నూనె తీశాక మిగిలిన తెలగపిండిని మునగాకుతో వండుకుని తినే ఇళ్లు కోస్తాలో ఇప్పటికీ ఉన్నాయి. బాలింతకు పాలు పడతాయని ప్రత్యేకంగా పెడతారు. అది గానుగలో మిగిలిందే కదా. ఆ ఇళ్లలో దాన్ని వ్యర్థమని ఎవరూ అనరు. అయితే ఆ పద్ధతి అంతా దగ్గరితనం మీద నడిచింది. గానుగకూ పొయ్యికీ మధ్య వీధి దూరం, గంజికీ తొట్టికీ మధ్య పెరటి దూరం. ఇప్పుడు మిల్లుకూ కోడికీ మధ్య మూడు గోడౌన్లు, ఇద్దరు దళారులు, ఒక వర్షాకాలం ఉన్నాయి.

తవుడుకూ కోడికీ ఉన్న చుట్టరికం చిన్నదేమీ కాదు. విటమిన్ల కథ మొదలైంది అక్కడే. 1890 ప్రాంతంలో, ఇవాళ జకార్తా అంటున్న బటావియాలో క్రిస్టియాన్ ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు బెరిబెరి వ్యాధికి కారణం వెతుకుతున్నాడు. ప్రయోగశాల కోళ్లకు ఉన్నట్టుండి కాళ్లు పడిపోయాయి, మెడలు వేలాడాయి. కొన్నాళ్లకు వాటంతట అవే కోలుకున్నాయి. ఆరా తీస్తే తేలిందేమిటంటే, జబ్బు పడ్డ రోజుల్లో వాటికి మిలిటరీ ఆసుపత్రి వంటశాలలో మిగిలిన తెల్లబియ్యపు అన్నం పెట్టారు. వంటవాడు మారాడు. కొత్తగా వచ్చినవాడు సైన్యం బియ్యం ఈ కోళ్లకు పెట్టేది లేదన్నాడు. మళ్లీ ముడిబియ్యానికి మారగానే కోళ్లు లేచి తిరిగాయి. తెల్లబియ్యంలో ఏదో విషం ఉందని, తవుడు దానికి విరుగుడని ఐక్‌మన్ అనుకున్నాడు. ఆయన పని అందుకున్న గ్రైన్స్ అనే మరో డచ్చి వైద్యుడు 1901లో అసలు సంగతి చెప్పాడు: విషం లేదు, కావలసినదేదో పాలిష్‌తో పాటు పోతోంది. ఆ పోతున్నదాన్నే తర్వాత బి1 విటమిన్ అన్నాం. ఐక్‌మన్‌కు 1929లో నోబెల్ బహుమతి వచ్చింది.

వంటశాల మిగులు తిని పడిపోయిన కోళ్లను మిల్లులో రాలిపోయే పొర లేపి నిలబెట్టిందన్నమాట. మిగిలింది కదా అని పెట్టిన ప్రతిదీ మేత కాదు, పారబోసేది కదా అని ఏదీ పనికిమాలింది కాదు. రెండు సంగతులనూ మనకు మొదట చెప్పింది కోడే.

ఇక మన షెడ్డులోకి వద్దాం. బ్రాయిలర్ పెంపకంలో ఖర్చు చూస్తే నూటికి 65 నుంచి 70 రూపాయలు దాణాకే పోతాయి. ఆ దాణా రెండు కాళ్ల మీద నిలబడింది. శక్తికి మొక్కజొన్న, మాంసకృత్తులకు సోయా చెక్క. 2021లో ఒక కాలు విరిగింది. కొద్ది నెలల్లోనే సోయా చెక్క ధర రెట్టింపు దాటింది. ఆ ఆగస్టులో కేంద్రం మొదటిసారిగా జన్యుమార్పిడి సోయా చెక్కను 12 లక్షల టన్నుల దాకా దిగుమతి చేసుకోనిచ్చింది. ఆ తర్వాత రెండో కాలు కదిలింది. పెట్రోలులో కలిపే ఇథనాల్ కోసం మొక్కజొన్న డిస్టిలరీలకు వెళ్లడం మొదలైంది. ఇలాంటి రోజుల్లో తవుడు, నూక, పత్తిచెక్క, డిస్టిలరీ పిప్పి లాంటివి అందరికీ గుర్తొస్తాయి. ధర దిగగానే మరిచిపోతాం. ఆపదలో మాత్రమే తలుచుకునే దినుసును బాగా నిలవ చేయడం, బాగా పరీక్షించడం ఎవరూ నేర్చుకోరు. మన పొరపాటు అక్కడ మొదలవుతోంది.

నూక గురించి ముందే చెప్పేస్తాను. శక్తిలో మొక్కజొన్నకు ఏమాత్రం తీసిపోదు, పీచు తక్కువ, కోడి ఇష్టంగా తింటుంది. మొక్కజొన్నలో ఉండే పసుపు వన్నె ఇందులో ఉండదు కాబట్టి కోడి చర్మం తెల్లగా వస్తుంది. స్కిన్‌లెస్ అడిగే మన బజారులో దానికి పట్టింపు లేదు. అయినా నేను నూకను ఉప ఉత్పత్తుల లెక్కలో కలపను. అది ఉప్మా అవుతుంది, జావ అవుతుంది, పేదింటి అన్నం అవుతుంది. మనిషి పళ్లెంలోకి వెళ్లగలిగినదాన్ని మిగులు అని పేరు పెట్టి కోడికి పోయడం నాకు సమ్మతం కాదు. నేను మాట్లాడేది మనిషి తినలేనివాటి గురించి, తినని వాటి గురించి.

తవుడునే తీసుకుందాం. వంద కిలోల వడ్లు ఆడిస్తే 5 నుంచి 8 కిలోల తవుడు వస్తుంది. అసలైన పాలిష్ తవుడులో ప్రోటీన్ 12 శాతం, నూనె 12 నుంచి 15 శాతం దాకా ఉంటాయి. గింజలో ఉన్నంతసేపు ఆ నూనె ఒక గదిలో, దాన్ని విరగ్గొట్టే లైపేజ్ ఎంజైము ఇంకో గదిలో ఉన్నట్టు లెక్క. పాలిషర్ ఆ గోడ కూల్చేస్తుంది. ఆ నిమిషం నుంచే నూనె విరగడం మొదలు. మన ఉక్కలో, మన తేమలో స్వేచ్ఛా కొవ్వు ఆమ్లాలు రోజుకు 5 నుంచి 7 శాతం దాకా పెరుగుతాయి. వారం తిరిగేసరికి మనం దాణాలో పోస్తున్నది వేరే పదార్థం. పోషక విలువల పట్టికలో ఉన్న తవుడు మిల్లు దగ్గరే ఆగిపోయింది. ముక్కిన నూనె తన శక్తిని పోగొట్టుకోవడంతో ఆగదు, దాణాలో ఉన్న ఇ విటమిన్‌ను కూడా తినేస్తుంది.

ఇది నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు. ఉద్యోగంలో చేరిన తొలి ఏళ్లలో ఒక దాణా కంపెనీలో ఫార్ములాలు రాసేవాణ్ణి. ఒక వర్షాకాలం మొక్కజొన్న ధర పెరిగింది, తవుడు చవకగా దొరికింది. మొదటి లారీ నమూనా ల్యాబ్‌లో బాగా వచ్చింది. ఆ కాగితం చూసి, కోళ్లకు చివరి రోజుల్లో పెట్టే ఫినిషర్‌లో 8 శాతం తవుడు రాశాను. మొదటి లారీ తర్వాత వచ్చిన లారీలు ఎక్కడెక్కడ తడిశాయో, గోడౌన్‌లో ఎన్నాళ్లు పడున్నాయో నేను అడగలేదు. మాస్టారి శిష్యుణ్ణి అయ్యుండీ అడగలేదు.

సిద్దిపేట వైపు ఒక రైతు షెడ్డు నుంచి ఫిర్యాదు వస్తే వెళ్లాను. 5,000 కోళ్లు. ఇంటిగ్రేషన్ రైతు. పిల్లలు కంపెనీవి, దాణా కంపెనీది. షెడ్డు, చాకిరీ ఆయనవి. కోళ్లు దాణా దగ్గరికి వచ్చి ముట్టి వదిలేస్తున్నాయి. కింద పరిచిన లిట్టర్ చిత్తడిగా ఉంది. ఆయన గుప్పెడు దాణా తీసి నా ముక్కు దగ్గర పెట్టారు. "సారూ, గిది మీరు వాసన సూసిండ్రా?" అన్నారు. చూడలేదని చెప్పాను. ఇంకేమీ అడగలేదాయన.

ఆ రాత్రి లెక్క వేసుకున్నాను. కిలో తవుడుకు మూడు రూపాయలు కలిసొస్తుందని రాశాను. ఆ షెడ్డుకు వెళ్లిన ఫినిషర్‌లో తవుడు సుమారు 700 కిలోలు. ఆదా 2,100 రూపాయలు. కిలో కోడికి ఎన్ని కిలోల దాణా పట్టిందో చెప్పే, 1.8 దగ్గర ఉండాల్సిన ఎఫ్‌.సి.ఆర్. 2కు చేరింది. పది టన్నుల కోడికి కిలోకు 200 గ్రాముల దాణా ఎక్కువ పట్టిందంటే రెండు టన్నులు గంగలో కలిసినట్టే. అందులో సింహభాగం కంపెనీ భరించింది. కానీ ఎఫ్‌.సి.ఆర్. చెడింది కాబట్టి నిబంధన ప్రకారం ఆ రైతుకు కంపెనీ ఇచ్చే గ్రోయింగ్ చార్జీలో కోత పడింది. ఫార్ములా ఆయన రాయలేదు, తవుడు ఆయన కొనలేదు, బస్తాలో ఏముందో ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన చేసిన పనల్లా వాసన చూడటం. మా మొత్తం కంపెనీలో ఆ పని చేసింది ఆయనొక్కరే.

ఆ తర్వాత మాస్టారి దగ్గరికి వెళ్లి జరిగింది చెప్పాను. ఆయన కోప్పడలేదు. "కాగితం మీద అంకె ఎక్కణ్నుంచి వచ్చిందో తెలుసా నీకు?" అని ప్రోటీన్ కథ మళ్లీ మొదటి నుంచి చెప్పారు. అది మీకూ చెప్పాలి.

1883లో కోపెన్‌హాగన్‌లో, కార్ల్స్‌బర్గ్ బీరు కంపెనీ ప్రయోగశాలలో యోహాన్ కెల్డాల్ అనే రసాయన శాస్త్రవేత్త ధాన్యంలో నత్రజనిని కొలిచే పద్ధతి కనిపెట్టాడు. ఇవాళ్టికీ చాలాచోట్ల మేతలో ప్రోటీన్‌ను కొలిచేది ఆ దారినే. నత్రజని ఎంతో చూసి, దాన్ని 6.25తో హెచ్చిస్తారు. అంటే ఆ అంకె నేరుగా ప్రోటీన్‌ది కాదు, నత్రజనిది. ఆ నత్రజని మాంసకృత్తులదా, యూరియాదా అన్నది దానికి తెలియదు. వంద కిలోల చెక్కలో ఒక కిలో యూరియా కలిపితే ప్రోటీన్ దాదాపు మూడు శాతం పెరిగినట్టు కాగితం చూపిస్తుంది. ఆవు కడుపులోని సూక్ష్మజీవులు యూరియాను కొంత వాడుకోగలవు. బ్రాయిలర్ కోడికి అది ఎందుకూ కొరగాదు.

కల్తీ లేకపోయినా అంకె మోసం చేయగలదు. రొయ్య తలల పొడి చూడండి. మన కోస్తాలో ప్రాసెసింగ్ ప్లాంట్ల దగ్గర రొయ్య బరువులో 40 శాతానికి పైగా తల, పెంకు రూపంలో పక్కకు పోతుంది. ఎండబెట్టి పొడి చేసి పరీక్షిస్తే ప్రోటీన్ గొప్పగా కనిపిస్తుంది. అందులో కొంత నత్రజని పెంకులోని కైటిన్‌ది. కోడి కడుపు దాన్ని కొద్దిగానే విప్పగలదు. పైగా ఉప్పు, సున్నం. అన్నిటికంటే ముఖ్యం, తల తీసిన గంట నుంచే అది కుళ్లడం మొదలవుతుంది. భీమవరం ఎండలో సాయంత్రం దాకా కుప్పపోసి మర్నాడు ఆరబోస్తే ఆరేది కుళ్లే. తల తీసిన చోటే డ్రయ్యర్ ఉంటే కథ వేరు.

ఇప్పుడు అందరి నోటా వినపడే ఎండు డిస్టిలరీ పిప్పి, అంటే డీడీజీఎస్ సంగతికి వస్తాను. ధాన్యపు ఇథనాల్ ప్లాంట్లు పెరిగే కొద్దీ ఇది బజారులోకి వరదలా వస్తోంది. ఇది వచ్చినంత వేగంగా దీని గురించిన తెలివిడి రాలేదు. మొక్కజొన్న గింజలో మూడింట రెండొంతులు పిండిపదార్థం. అది పులిసి సారా అయిపోగా మిగిలిన మూడోవంతులో అన్నీ మూడింతలవుతాయి. 9 శాతం ప్రోటీన్ 27 అవుతుంది. గింజ మీద బూజు విషం ఉంటే అదీ మూడింతలవుతుంది. బియ్యం డీడీజీఎస్‌లో ప్రోటీన్ 45 శాతం దాకా ఉంటుంది. సోయా చెక్క అంకె కూడా అంతే. రెండూ ఒకటే కదా, ధర సగం కదా అని మార్చేసినవాళ్లను చూశాను. బ్రాయిలర్ రొమ్ముకండ పెరగడానికి కావలసింది లైసిన్. బియ్యం డీడీజీఎస్‌లో అది సోయా చెక్కలో ఉన్నదాంట్లో సగం దరిదాపుల్లో ఉంటుంది. ఆ సగమైనా దక్కుతుందా అన్నది ప్లాంటులో డ్రయ్యర్ నడిపే మనిషి చేతిలో ఉంది. వేడి ఎక్కువైతే చక్కెరలు లైసిన్‌ను పట్టేసుకుంటాయి. మాడిన బెల్లం వాసన వస్తుంది, రంగు కాఫీపొడిలా తిరుగుతుంది. కెల్డాల్ పరీక్షలో నత్రజని ఎక్కడికీ పోదు, అంకె 45 అనే వస్తుంది. కోడి పేగు మాత్రం దాన్ని విడదీయలేదు.

అందుకే నా మాట: మొత్తం ప్రోటీన్ మీద ఫార్ములా రాయడం మానేయాలి. పేగులో అరిగే అమైనో ఆమ్లాల లెక్క మీద రాయాలి. తక్కువ పడిన లైసిన్, మిథియోనిన్, థ్రియోనిన్ విడిగా బస్తాల్లో దొరుకుతున్నాయి. అలా రాసినప్పుడు బంగారు రంగు డీడీజీఎస్‌ను ఫినిషర్‌లో 5 శాతంతో మొదలుపెట్టి, బ్యాచ్ వెంట బ్యాచ్ చూసుకుంటూ పెంచవచ్చు. పొట్టలో పేగు ఇంకా తయారుకాని మొదటి పది రోజుల పిల్లకు మాత్రం ఇవేవీ వద్దు. ఆ పది రోజులు పిల్ల తినే ప్రీ-స్టార్టర్ మొత్తం దాణాలో ఎంత? పిడికెడు. అక్కడ పొదుపు చేసినవాడు చివర్లో కట్టుకుంటాడు.

నూనె తీసిన తవుడు, అంటే డీఓఆర్‌బీ, ముక్కదు. ఆ సుగుణం కోసమే దాన్ని వాడతాం. కానీ నూనెతో పాటు శక్తీ పోయింది, పీచు పెరిగింది. బ్రాయిలర్ దాణాలో పీచు 5 శాతం దాటకూడదని భారతీయ ప్రమాణం చెబుతోంది. డీఓఆర్‌బీలో అది అంతకు రెట్టింపుకు పైనే. అందులోని భాస్వరంలో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో కట్టుబడి ఉంటుంది. ఫైటేజ్ ఎంజైము కలిపితే విడుదలై భాస్వరం కోసం కలిపే డీసీపీ ఖర్చు కొంత తగ్గుతుంది. ఇక ఊక కలిపిన తవుడు సంగతి మీకు నేను చెప్పనక్కర్లేదు. వేళ్ల మధ్య నలిపితే గరుకు చెబుతుంది.

బిస్కెట్ ఫ్యాక్టరీల విరిగిన ముక్కలు మంచి శక్తినిస్తాయి. ఉప్పు లెక్క చూసుకోకపోతే కోడి నీళ్లు ఎక్కువ తాగి లిట్టర్ తడుస్తుంది. తడిస్తే అమ్మోనియా, అరికాళ్ల పుళ్లు. కవర్ల ముక్కలు పూర్తిగా ఏరాలి. పత్తిచెక్కలో గాసిపోల్ అనే విషం ఉంటుంది, బ్రాయిలర్‌కు కొద్దిగా చాలు.

చిత్తూరు గుజ్జు ఫ్యాక్టరీల మామిడి టెంకల మీద నాకు కొంత ఆశ ఉంది. జూన్, జూలైల్లో తోతాపురి ఆడే రోజుల్లో అక్కడ టెంకలు గుట్టలుగా పడతాయి. లోపలి జీడిలో పిండి, కొవ్వు ఉన్నాయి. టానిన్లూ ఉన్నాయి. పచ్చిది పెడితే పిల్ల ఎదగదు. నానబెట్టి ఉడికించి ఆ నీళ్లు పారబోస్తే కొంత దారికొస్తుంది. చిక్కల్లా టెంక పగలగొట్టడంలోనూ, తొలకరి వానల్లో ఆరబెట్టడంలోనూ ఉంది. ఆ రెండూ ఫ్యాక్టరీ ఆవరణలోనే జరగకపోతే ఆ గుట్ట ఈగలపాలే. టమాటా పిప్పి సంగతి వేరు. లారీలో నాలుగింట మూడొంతులు నీళ్లు మోస్తాం, మిగిలినదాంట్లో పీచు ఎక్కువ. మదనపల్లె చుట్టుపక్కల ఆవులున్నాయి, వాటికి పెట్టండి. ప్రతిదీ కోడి గొంతులోనే పోయాలన్న పట్టుదల నాకు లేదు.

వేరుశనగ చెక్క పేరెత్తితే 1960 గుర్తుకు రావాలి. ఆ ఏడు ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ పిల్లలు చచ్చిపోయాయి. కారణం తెలియక ఆ జబ్బును టర్కీ ఎక్స్ అన్నారు. చివరికి బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ చెక్కలో బూజు విషం దొరికింది. అఫ్లటాక్సిన్ అనే పేరు అప్పుడే పుట్టింది. దిగుమతి అయిన రోజు దాని ప్రోటీన్ అంకె చక్కగానే ఉండి ఉంటుంది. మన అనంతపురం చెక్కయినా తడి తగిలితే అంతే. కాలేయం దెబ్బతిన్న కోడికి టీకా కూడా సరిగా పట్టదు. వ్యాధి వచ్చిందంటాం, మందు కొంటాం. దాణా గదిలోకి మాత్రం తిరిగి చూడం.

మాస్టారి పేరున ఏర్పాటైన ఈ నిధితో ఏం చేయాలని నిర్వాహకులు నన్ను అడిగారు. బంగారు పతకం ఒకటి వద్దన్నాను. మూడు పనులు చేద్దామన్నాను. ఒకటి, మిల్లు దగ్గర తవుడు బస్తా కుట్టేటప్పుడే అది రాలిన తేదీ, వేళ రాసిన చీటీ కుట్టే ఏర్పాటు. ఒప్పుకునే మిల్లు ఒకటి చాలు, మొదలుపెడదాం. ఆ మిల్లులోనే తవుడును రాలిన గంటలోపు ఆవిరితోనో ఎక్స్‌ట్రూడర్‌తోనో వేడి చేసి లైపేజ్‌ను చంపే యంత్రం పెట్టగలిగితే, ఆ చీటీ మీద నిలవ గడువును వారాల్లో కూడా రాయవచ్చు. రెండు, విద్యార్థులు ప్రతి నమూనాకూ ప్రోటీన్‌తో పాటు కొవ్వు ఆమ్లాలు, ఇసుక, యూరియా, బూజు విషం చూసి ఆ అంకెల్ని తెలుగులో రైతుకు పంపడం. మూడోది నాకు ఎక్కువ ముఖ్యం. దాణా లారీ షెడ్డు దగ్గర దిగినప్పుడు ఒక కిలో తీసి సీలు వేసి, కంపెనీ మనిషీ రైతూ ఇద్దరూ సంతకం పెట్టి, బ్యాచ్ వెళ్లిపోయేదాకా రైతు ఇంట్లోనే ఉంచడం. ఎఫ్‌.సి.ఆర్. చెడి చార్జీలో కోత పెట్టాలనుకుంటే ముందు ఆ కిలో తెరవాలి. కంపెనీలకు ఇది ఇబ్బందిగా ఉంటుందని నాకు తెలుసు. నేను అటువైపు కూర్చుని పని చేసినవాణ్ణి. ఆ రోజు అలాంటి కిలో ఒకటి ఉండి ఉంటే కోత ఆ రైతు చార్జీలో పడేది కాదు, నా కాగితం మీద పడేది.

నిర్వాహకులు రెండింటికి ఒప్పుకున్నారు. మూడోదాని మీద ఇంకా మాట్లాడుకుంటున్నాం.

సిద్దిపేట నుంచి ఆ రైతు ఇవాళ సభకు వచ్చారు, మూడో వరుసలో ఉన్నారు. ఇప్పటికీ కోళ్లు పెంచుతున్నారు, షెడ్డు పెద్దదైంది. పొద్దున లోపలికి వస్తుంటే గుమ్మం దగ్గర కలిసి, చొక్కా జేబులోంచి చిన్న పొట్లం తీసి చూపించారు. నిన్న దిగిన ఫినిషర్. రంగు కొంచెం ముదురుగా ఉంది. సభ అయ్యాక ఇద్దరం కలిసి చూద్దామని ఆయనతో చెప్పాను.